పెంపుడు పాము కోపము
(గ్రంథాలయ సభలో గావించిన ఉపన్యాస పాఠము)



పామును పెంచుట యను మాట వినినంతనే పల్లెలోని పెద్దలు చెవులు మూసికొందురు. నాగులచవితినాడు పుట్టలో పాలు పోసినవారే, చూరులో పాము కనబడినచో కఱ్ఱకై పరుగిడుదురు. భక్తియు భయమును ఇట్లు ఒక్క యింటనే కాపురముండగా, పామును పెట్టెలో నుంచి, మేతపెట్టి, చేతిలోనికి తీసికొని ముచ్చటపడు వారున్నారనిన నమ్ముట కష్టము. కాని అమెరికా సంయుక్త రాష్ట్రములలోను, ఐరోపాలోను ఇది సామాన్యమైన వేడుక. తెలుగువారనేకులు ఆ దేశములలో స్థిరపడియుండుటచే, ఈ కోరిక ఏదో యొకనాడు వారి బిడ్డల నోటను వినబడవచ్చును.

అట్లు పెంచబడు పాములలో మిక్కిలి ప్రసిద్ధమైనది కార్న్ స్నేక్, అనగా మొక్కజొన్న పాము. న్యూజెర్సీ మొదలు ఫ్లారిడా వరకు గల ఆగ్నేయ ప్రాంతము దీని పుట్టినిల్లు. 1766లో లిన్నేయసు పండితుడు దీనికి శాస్త్రీయ నామమొసగెను. జొన్నకంకులు నిలువచేయు కొట్లలో ఎలుకలకొఱకు తిరుగుటచే ఈ పేరు వచ్చినదని కొందరును, పొట్టమీది నలుపుతెలుపు గళ్లు రంగురంగుల జొన్నగింజలవలె నుండుటచే వచ్చినదని కొందరును అందురు. దీనికి విషము లేదు. పెరిగినపుడు మూడు మొదలు అయిదు అడుగుల పొడవుండును. తెలుగునాట జెర్రిపోతునకు ఇది దూరపు చుట్టమని చెప్పవచ్చును.

ఒక బాలుడు ఇట్టి పాముపిల్లను ఇంటికి తెచ్చుకొన్నాడనుకొందుము. జానెడు పొడవు, పెన్సిలంత లావు. మరునాడు చేయిపెట్టగనే అది మెడను మెలికగా వెనుకకు లాగి, తోక నదరించి, చటుక్కున వ్రేలు కరచినది. మూడవనాడును అంతియే. "పాలుపోసి పెంచినను పాము పామే" యని తండ్రి తీర్పు చెప్పును. బాలుడు పెట్టె మూత తీయుటకే జంకును. ఆ పాముపిల్ల ఎవరికైన నీయబడునో, పెరటి వెనుక వాగులో విడువబడునో ఈ ఘట్టముననే తేలవలెను. కావున దాని కోపమునకు కారణమేమో విచారింపవలసియున్నది.

నిజమునకు అది కోపముకాదు, భయము. గ్రుడ్డునుండి వెలువడిన నాటినుండి ఆ పిల్లను తినని ప్రాణి లేదు. గ్రద్దయు, కాకియు, నక్కయు, తుదకు ఇతర సర్పములును దానికి మృత్యువులే. పైనుండి దిగివచ్చు చేయి దాని కంటికి గ్రద్ద కాలివలెనే తోచును. పారిపోవుటకు దారిలేనపుడు దానికి మిగిలిన ఆయుధము నోరొక్కటే. ఎండుటాకులలో తోక నదరించునపుడు పుట్టు చప్పుడు, విషముగల గిలకపాము చప్పుడును పోలియుండును, అదియు బెదరింపే. పాము పగబట్టుననునది కథలలోని మాట. నిన్న తనను పట్టినవానిమీద నేడు కసి తీర్చుకొనవలెనను ఆలోచన దానికి లేదు.

అయితే అన్ని కాట్లును ఒక్కటి కావు. ఈ భేద మెఱుగకయే పలువురు పొరబడుదురు. భయముచే కరచు పాము తాకి వెంటనే విడుచును. ఆకలిచే కరచు పాము పట్టువిడువక వ్రేలిచుట్టు చుట్టలు చుట్టుకొనును. పాము నాలుకతో వాసనలను గ్రహించి, నోటి పైభాగమునగల ప్రత్యేకేంద్రియమునకు అందించును. ఎలుకను తాకిన చేయి దానికి ఎలుకయే. ఆహారము పెట్టునపుడు పొడవైన పట్టకారు వాడి, పామును తీయుటకు ముందు సబ్బుతో చేతులు కడుగుకొనినచో ఈ రెండవ కాటు చాలవరకు తప్పును. వంకర కొనగల కడ్డీతో మెల్లగా దాని వీపును తాకి, తరువాత చేయి పెట్టు అలవాటును కొందరు పాటింతురు. కడ్డీ తగిలిన పిమ్మట మేత రాదని పాము కొలదికాలములోనే గ్రహించును. ఇది బహు మంచి పద్ధతి.

భయముచే కరచుదానికి మందు చేతిలోకాదు, పెట్టెలో నున్నది. దాగుటకు చోటులేని పాము ఎన్నడును నెమ్మదింపదు. పెట్టెలో ఒకవైపు సుమారు 29 డిగ్రీల సెంటిగ్రేడు వెచ్చదనమును, రెండవవైపు 24 డిగ్రీల చల్లదనమును ఉండవలెను. రెండు వైపులను ఇరుకైన గూడొకటి యుంచవలెను. ఒక్క గూడే యున్నచో, వెచ్చదనము కావలెనా మరుగు కావలెనా యని ఆ ప్రాణి నిత్యము తల్లడిల్లును. పాము శరీరపు వెచ్చదనము బయటి వేడిమిపై నాధారపడును. చలిలో తిన్నది అరుగదు. పామునకు బయటికి కనబడు చెవులు లేవు. అయినను నేల అదురును, మంద్రధ్వనులను అది తెలిసికొనును. కావున తలుపు ధడాలున వేయు గదిలో పెట్టె యుంచరాదు. (పాములవాని నాగస్వరమునకు పాము తల యూపుట రాగమునకు కాదు, కదలెడి బుఱ్ఱకు!)

క్రొత్తగా తెచ్చిన పామును వారముదినములు తాకనేకూడదు. పిల్లలకు ఇది కఠినమైన వ్రతమే. నీరు మార్చుట, మేత పెట్టుట తప్ప మరేమియు చేయరాదు. రెండు మూడు మారులు మేత తినిన పిదప తీయుట మొదలిడవలెను. మేత తినిన తరువాత రెండు దినములు ముట్టరాదు, ముట్టినచో కక్కివేయును. కుబుసము విడువబోవునపుడు కన్నులు నీలిపొర క్రమ్మి చూపు మందగించును. అపుడు ఎంతటి సాధువైన పామైనను కరవవచ్చును. కుబుసము పూర్తిగా విడుచునంతవరకు దానిజోలికి పోరాదు.

ఎత్తునపుడు పైనుండిగాక ప్రక్కనుండి చేయి పోనిచ్చి, నడుము క్రింద అరచేయి చాచి లేపవలెను. తల పట్టరాదు, పిడికిట బిగింపరాదు. చేయి తొట్రుపడి ముందుకు వెనుకకు ఆడించుటకన్న ఒక్కమారు నిదానముగా లేపుటయే మేలు. మొదటి దినములలో అయిదు నిమిషములు చాలును; వారమునకు రెండు మూడు మారులు చాలును. పట్టువాని వణకు ఎక్కువగా నున్నచో పలుచని చేతితొడుగులు వేసికొనవచ్చును. అవి పాముకన్న పట్టువానికే ఎక్కువ మేలు చేయును. కరచినంతనే పెట్టెలో వేసినచో, కరచిన విడుదల కలుగునని పాము నేర్చికొనును. కావున చేయి కదలింపక, అది నెమ్మదించినంతవరకు ఒకటి రెండు నిమిషములు వేచి, అటుపిమ్మట దింపవలెను.

కరచి పట్టుకొనినచో చేయి లాగరాదు. దాని పండ్లు చిన్నవై, లోపలివైపునకు వంగియుండును. లాగినచో చర్మము చీరుకొనును, పాము పండ్లును ఊడవచ్చును. చన్నీటి ధారక్రింద చేయి పెట్టినచో చాలమారులు తానే విడుచును. గాయమును సబ్బుతో కడుగుకొనవలెను. సరీసృపముల దేహముపై సాల్మొనెల్లా యను సూక్ష్మజీవులుండుట కలదు; కావున కాటున్నను లేకున్నను, పామును ముట్టిన ప్రతిమారును చేతులు కడుగవలసినదే. అయిదేండ్లలోపు బిడ్డలను దానిని తాకనీయరాదు.

ఇట్లు కొన్ని నెలలు గడచునప్పటికి పిల్లపాములలో పెక్కు నెమ్మదించును. అంతమాత్రమున పాము యజమానిని ప్రేమించుచున్నదని మురియుట పొరబాటు. ఆ చేయి తన్ను తినదని మాత్రమే దానికి తెలిసినది. హఠాత్తుగా కోపము హెచ్చినయెడల నోటిపుండో, ఒంటిపై పురుగులో, శ్వాసరోగమో యుండవచ్చునని వైద్యునికి చూపవలెను. కొన్ని పాములు ఎన్నటికిని చేతికి లొంగవు. వానిని గాజుపలక వెలుపలనుండి చూచి సంతోషించుటయే ధర్మము.

అంతటి ఓర్పు లేనివారు పామును అమ్మినవానికో, అట్టి ప్రాణులను చేరదీయు సంస్థకో ఒప్పగింపవలెనుగాని, వాగులో విడువరాదు. ఫ్లారిడాలోని ఎవర్‌గ్లేడ్స్ చిత్తడినేలలలో, పెంపకమునుండి తప్పించుకొనినవియు విడువబడినవియు నగు బర్మా కొండచిలువలు సంతతి పెంచుకొని, అచ్చటి కుందేళ్లను, ఇతర జంతువులను దారుణముగా తగ్గించివేసినవి. వాని దిగుమతిని 2012లో ఆ ప్రభుత్వము నిషేధింపవలసివచ్చినది. మొక్కజొన్న పాము సైతము కరీబియను దీవులు కొన్నింట చేరి స్థిరపడినది.

ఈ మాటలు విని ఏ పడుచువాడైనను పొలములోని పామును పట్టి తెచ్చుట కుత్సహించినయెడల, అది రెండు విధముల ప్రమాదము. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము క్రింద దేశములోని పాములను పట్టి పెంచుట నేరము. అంతకన్న ముఖ్యమైనది ప్రాణము. విషములేని చారలపాములు కొన్ని కట్లపామువలెనే యుండును. కట్లపాము కాటు నొప్పియైన తెలియనీయక ప్రాణము తీయును. ఆ భేదమును దీపపు వెలుగులో చూచి తేల్చబోవుట తగదు. ఎవరినైనను పాము కరచినచో, ఆ కాలు చేయి కదలనీయక, కట్టు బిగింపక, గాయము కోయక, మంత్రగాని యింటికి గాక ఆసుపత్రికి తీసికొనిపోవలెను.

ఇక గడ్డివామిలో ఎదురుపడు జెర్రిపోతు మాట. అదియు చిక్కుపడినపుడు మెడ ఉబ్బించి, బుసకొట్టి, కరవవచ్చును. దానికిని కావలసినది ఆ పాముపిల్లకు కావలసినదే. నాలుగడుగులు వెనుకకు జరిగి, వామి ప్రక్కనున్న గట్టువైపు దారి విడిచినయెడల, అది ఎలుకల బొరియలు వెదకికొనుచు తనంత తానే పోవును.