సంధ్యవేళ పక్షుల ఫోటోలు
(సంఘ సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మనలో చాలామంది ఇళ్ళలో పిల్లలు కొనిచ్చిన కెమెరాలున్నాయి. వాటిని మనవల పుట్టినరోజులకే పరిమితం చేయక, ఈ చలికాలం ఒక సాయంత్రం కొల్లేరుకు తీసుకువెళ్ళమని మీకు నా మనవి.

కృష్ణా, గోదావరి డెల్టాల నడుమ ఉన్న ఈ మంచినీటి సరస్సు 1999లో అభయారణ్యమైంది. 2002లో రామ్‌సార్ జాబితాకెక్కింది. కైకలూరు దగ్గర ఆటపాకలో గూడబాతులు కనిపిస్తాయి. పేరులో బాతు ఉన్నా అవి బాతులు కావు, పెలికాన్లు. సూదితోక బాతుల వంటి అసలైన బాతులు చలికాలంలో ఉత్తరాది దేశాల నుంచి వలస వస్తాయి.

పొద్దువాలే వేళ అక్కడ రెండు ప్రయాణాలు జరుగుతాయి. కొంగలు మేత ముగించి చెట్లమీది బసకు చేరతాయి. పగలంతా నీటిమీద విశ్రమించిన బాతులు అప్పుడే మేతకు లేస్తాయి. మన భాషలో చెప్పాలంటే కొంగలది జనరల్ షిఫ్టు, బాతులది నైట్ షిఫ్టు. షిఫ్టు మారే ఆ సమయమే ఫోటోకు అదను.

సూర్యాస్తమయానికి గంట ముందే గట్టుమీద చోటు చూసుకోండి. పక్షులు గాలికి ఎదురుగా లేస్తాయి కనుక, గాలి మన వీపుకు తగిలేలా నిలబడితే అవి మనవైపు ముఖం పెట్టి ఎగురుతాయి. బాతులు రెక్కలు చాలా వేగంగా కొడతాయి. వాటికి షట్టర్ స్పీడు సెకనులో 1000వ వంతు కావాలి. కొంగలకు, గూడబాతులకు 500వ వంతు సరిపోతుంది. వెలుగు తగ్గేకొద్దీ ఐ.ఎస్.ఓ.ను 800కు, 1600కు పెంచండి. బొమ్మలో కొంచెం రవ్వ కనిపిస్తే కనిపించనివ్వండి, చెదిరిన బొమ్మకన్నా అదే నయం.

పొద్దు గుంకాక ఈకల రంగుల మీద ఆశ వదలి, ఎర్రని ఆకాశానికి తగినట్లు ఎక్స్‌పోజరు పెట్టండి. పక్షులు నల్లని నీడబొమ్మలవుతాయి. ఒకదాని రెక్క మరొకదానిపై పడని క్షణంలో మీట నొక్కితే మెడ, ముక్కు, రెక్క స్పష్టంగా తెలుస్తాయి. పెద్ద లెన్సులోంచి సూర్యుణ్ణి మాత్రం నేరుగా చూడకండి. మన వయసులో కళ్ళు మరీ విలువైనవి.

ఇక అసలు మాట. ఎగిరే ఫోటో కోసం కొందరు రాళ్ళు విసురుతారు, చప్పట్లు కొడతారు, పడవను గుంపులోకి తోలిస్తారు. వేల మైళ్ళు ఎగిరి వచ్చిన పక్షికి విశ్రాంతి, మేత రెండూ ప్రాణాధారం. బెదిరి లేచిన ప్రతిసారీ తిరుగు ప్రయాణానికి దాచుకున్న బలం కొంత ఖర్చవుతుంది. అభయారణ్యంలో వన్యప్రాణులను వేధించడం 1972 నాటి చట్టం ప్రకారం నేరం కూడా. పైగా ఆ అవసరమే లేదు. వేళ అయితే అవే లేస్తాయి. ఓపికగా కూర్చోవడమే మన పని. ఉద్యోగంలో ఉన్న రోజుల్లో దొరకని ఆ తీరిక ఇప్పుడు మనకు పుష్కలంగా ఉంది.