కంటి అంచు – మూగజీవులు తెలిపిన రహస్యము



సున్నము మన యిండ్లలో నిత్యము మసలు వస్తువు. తాంబూలమునకు నదియే, గోడలకు నదియే. ఆ సున్నమే పసివాని కంటబడినచో చూపును హరింపగలదు. కొంతకాలమునకు గ్రుడ్డుపై రక్తనాళములు ప్రాకి, తెల్లని పువ్వు కమ్ముకొనును. అట్టి కంటికి, మృతుల నేత్రమునుండి తీసిన పొరను అతికినను, అది తఱచుగా మరల మసకబాఱును. ఇందులకు కారణమును తెలిసికొనుటలో మనుజునకు తోడ్పడినవి కొన్ని మూగజీవులు. వానిని గూర్చియే నేటి ప్రసంగము.

నల్లగ్రుడ్డుకు ముందు గడియారపు అద్దమువంటి పొర యొకటి కలదు. దానిని శుక్లపటలమందురు. దాని మందము సుమారు అర మిల్లీమీటరు. అందు రక్తనాళములు లేవు; కావుననే యది స్వచ్ఛము. దాని పైపొరలోని కణములు నిత్యము రాలుచుండును, క్రొత్తవి వచ్చుచుండును. ఆ క్రొత్త కణములకు పుట్టినిల్లు నల్లగ్రుడ్డును తెల్లగ్రుడ్డును కలియు సన్నని అంచు. అచ్చట మూలకణములు వసించును. ఆ అంచు నారుమడి, గట్టును అదియే. పైపొరకు నారు నందించును, తెల్లగ్రుడ్డుపై పొరను ఇటు రానీయదు. సున్నము ఆ అంచును కాల్చినచో నారును లేదు, గట్టును లేదు. నడిమి అద్దమును మాత్రము మార్చిన నేమి లాభము?

ఈ సత్యము ఒక్కనాట తేలలేదు. 1971లో డావాంజర్, ఈవెన్సన్ అనువారు గినీపందుల కన్నులలో, అంచునుండి నడిమికి వర్ణకణములు సాగివచ్చుట గమనించి, పైపొరకు అంచే ఆధారమని తలచిరి. 1989లో చిట్టెలుకల కంటికణములకు గుఱుతులుపెట్టి చూడగా, మూలకణములకు లక్షణమగు మందవిభజన అంచునందే కనబడెను.

ఆ యేటనే కెన్యన్, సెంగ్ అను వైద్యులు రోగుల మంచికంటి అంచును చెడినకంటికి అతికి మేలు గాంచిరి. అయినను సందేహ మొకటి మిగిలెను. మేలు అంచువలన గలిగినదా, ఏ పొర నతికినను కలుగునదియేనా? మనుష్యులలో దీనిని తేల్చుట కష్టము. ఏ యిద్దఱి గాయములును సమానములు గావు. పోల్చుటకై ఒకరి కన్నును చెఱచుట అధర్మము. కావున 1990లో కుందేళ్లను పరీక్షించిరి. ఒక కంటి అంచును పైపొరతోగూడ తొలగించి, కొన్నింటికి రెండవకంటి అంచును, కొన్నింటికి తెల్లగ్రుడ్డుపై పొరను అతికిరి. అంచు నతికిన కన్నులు మెఱుగుగా మానెను, రక్తనాళములును తగ్గెను. సందేహము తీఱెను.

పిదప 1995లో, గర్భస్థశిశువు నావరించు ఉమ్మనీటిసంచి పొర చెడినకంటి ఉపరితలమును సరిచేయుటకు తోడ్పడునని కుందేళ్లలోనే చూపిరి. 1997లో ఇటలీదేశమున పెల్లెగ్రీని మొదలగువారు చిన్న అంచుముక్కనుండి కణములను పెంచి ఇద్దఱు రోగులకు అమర్చిరి. 2012లో మన హైదరాబాదులోని ఎల్.వి. ప్రసాద్ నేత్రవైద్యసంస్థవారు మఱింత సులభమగు పద్ధతిని ప్రకటించిరి. మంచికంటి అంచునుండి రెండు మిల్లీమీటర్ల ముక్కను తీసి, చిన్నచిన్న తునకలుచేసి, ఉమ్మనీటిసంచి పొర పఱచిన చెడినకంటిపై నాటుదురు. కణములను ప్రయోగశాలలో పెంచు వ్యయము దీనికి లేదు.

అయితే కుందేలు మనుజుడు గాదు. శుక్లపటలపు లోపలివైపు కణములు కుందేటికి మరల పెరుగును, మనకు పెరుగవు. కుందేలు రెప్పవేయుట మిక్కిలి అరుదు. దానికి మూడవ రెప్పయు కలదు. కత్తితో అంచును కోసినప్పుడు దాని క్రింది నేల చెడకుండవచ్చును. సున్నము ఆ నేలనే కాల్చివేయును. ప్రయోగశాలలో గాయమైన దినము తెలియును. మన రోగి మాసములు గడచిన పిమ్మట వైద్యశాలకు రావచ్చును. కాన కుందేటికి మానిన దెల్ల మనకు మానునని నమ్మరాదు. జంతువు చెప్పు సాక్ష్యము అడిగిన ప్రశ్నవఱకే ప్రమాణము.

మఱియొక ధర్మము కలదు. జీవికి నొప్పి తెలియును. మత్తుమందు నీయవలెను, రెండుకన్నులను చెఱచరాదు, అవసరమునకు మించి యొక్క జీవినైనను వాడరాదు. మనదేశమున జంతువులపై క్రూరత్వమును నివారించుటకు 1960లో చట్టము చేసిరి. ప్రయోగములకు ముందనుమతి కావలెను.

ఇంత శ్రమపడి సంపాదించిన విద్య అక్కఱపడకుండుటయే మేలు. సున్నపుకాయను, సున్నపు పొట్లములను పిల్లలకు అందకుండ నుంచుడు. కంట సున్నము పడినచో పాలు, నూనె, పసరు వేయక, తత్‌క్షణమే రెప్పలను విప్పి, కనబడు పలుకులను తీసివేసి, శుభ్రమగు నీటితో అరగంటసేపు ధారగా కడుగుడు. అటుపిమ్మట ఆలసింపక నేత్రవైద్యుని యొద్దకు తీసికొనిపొండు. ఆ తొలి అరగంటలో పోసిన నీరే అంచును కాపాడు మొదటి మందు.