ఇరుసునకు గాడి తీయుట



మన యెద్దుబండిలో ఇరుసు తిరుగదు. చక్రమే దానిపై తిరుగును. చక్రము జారకుండ కడశీల యొకటి చాలును. యంత్రమందన్ననో ఇరుసును, చక్రమును ఒక్కటిగా తిరుగవలయును. అందులకై గుండ్రని యినుప ఇరుసునకు పొడవున ఒక గాడియు, చక్రపు రంధ్రమునందు దానికెదురుగా మరియొక గాడియు తీసి, రెంటి నడుమ పలకల యినుపముక్క నమర్తురు. పనివారు దీనిని ‘కీ’ యందురు. ప్రొద్దుటూరి ప్రత్తిమరలందైనను, జమ్మలమడుగు, పులివెందుల పల్లెలలో వేరుసెనగ నొలుచు యంత్రములందైనను, బెల్టు లాగుబలము చక్రమునుండి ఇరుసునకు ఈ చిన్నముక్క మీదుగానే పోవును. అది వదులైనచో ప్రతి కుదుపునకును గాడి గోడలను కొట్టి పాడుచేయును. కళ్లములో కాయ యుండగా యంత్రము నిలిచిన, కూలియు కాలమును వ్యర్థములగును.

గుండ్రని కడ్డీకి అంచు లేదు. నడిమిభాగము కంటి కందదు. చిక్కంతయు నిచ్చటనే యున్నది. 40 మిల్లీమీటర్ల ఇరుసునకు 12 మిల్లీమీటర్ల వెడల్పు, 8 మిల్లీమీటర్ల యెత్తుగల కీ ప్రమాణము. ఇరుసులో గాడి లోతు 5 మిల్లీమీటర్లు. కడ్డీని ‘వి’ ఆకారపు దిమ్మెలలో బిగించి, యంత్రపు బల్ల నడకకు సమాంతరముగ నున్నదో లేదో రెండు కొనలయందును చూడవలయును. పిదప 12 మిల్లీమీటర్ల కత్తిని కడ్డీ ప్రక్కకు దించి, నడుమ పొడవైన పలుచని కాగితపు పేలిక నుంచి, వ్రేళ్లను దూరముగ నుంచుకొని, తిరుగు కత్తి కాగితమును లాగువరకు మెల్లగా దరిచేర్పవలయును. కడ్డీలో సగము 20, కత్తిలో సగము 6, వెరసి 26. కత్తిని పైకెత్తి, కాగితపు మందమునుగూడ చేర్చి అంతదూరము జరిపిన, అది కడ్డీ నడినెత్తికి వచ్చును. పిమ్మట కొంచెము కొంచెముగా దింపి కోయవలయును. ఒక్కమారుగా దింపిన కత్తి ఒరిగి గాడి వెడల్పగును.

అట్టి యంత్రము లేనిచోట ‘ఎల్’ ఆకారపు ఇనుపపట్టెను కడ్డీపై బోర్లించి, దాని యంచువెంట గీసిన గీత ఇరుసునకు సమాంతరముగ నుండును. ఆ గీతవెంట ఉలితో చెక్కి, ఆకురాతితో సరిచేయవచ్చును. ఇందులకు ఓపిక మెండుగా కావలయును.

పని చేయించుకొనువారు తామే పరీక్షించుకొను మార్గము కలదు. గాడి యడుగునుండి కడ్డీ వెనుకవైపు వరకు కొలువుడు. 40లో 5 పోగా 35 ఉండవలయును. గాడి రెండు కొనలయందును అదియే రావలయును. కీ మెల్లగా తట్టిన దిగవలయును, ప్రక్కలకు కదలరాదు. గాడి యడుగు మూలలు మిక్కిలి పదునుగా నుండరాదు. బీటలు పుట్టునది అచ్చటనే.

వదులైన కీ ప్రక్కన రేకుముక్క దోపి పూట గడుపుట మనలో కలదు. ఆ రేకు అరిగిననాడు ఇరుసును, చక్రమును రెండును చెడును. రెండు గాడులను సరిచేయించి, వానికి తగిన కొత్త కీ చేయించుటయే మేలు. కడ్డీ బిగించి కొలుచుటకు పనివాడు ఒక గడియ తీసికొన్న తొందరపెట్టకుడు. ఆ గడియయే మీ పంటకాలమును కాపాడును.