సూది బలమా? నమ్మిక బలమా?



మందు పుచ్చుకొంటిమి; బాధ తగ్గినది; కావున ఆ మందే బాధను తగ్గించినది. లోకములో మనమందరము సాధారణముగా చేయు తర్క మిది. కాని నడుమునొప్పివంటి బాధలు వాటంతట అవియే పెరుగుచు తరుగుచు నుండును. అదిగాక, తనకు చికిత్స జరుగుచున్నదను నమ్మికయే రోగికి కొంత ఉపశమనము నిచ్చును. దీనినే వైద్యులు ప్లాసిబో ప్రభావమందురు.

మాత్రల విషయమున దీనిని వేరుపరచుట అంత కష్టముకాదు. అదే రంగు, అదే రుచి గల ఉత్తుత్తి మాత్రను కొందరికిచ్చి పోల్చిచూడవచ్చును. చీనాదేశమున పుట్టిన ఆక్యుపంక్చరు సూదివైద్యమునకు మాత్రము ఈ యుపాయము చాలదు. సూది గ్రుచ్చకయే గ్రుచ్చినట్లు రోగిని నమ్మించుట యెట్లు? 1998లో జర్మనీ వైద్యు లిందుకొక సాధనమును ప్రకటించిరి. నాటకములలో పొడిచినప్పుడు పిడిలోనికి జారిపోవు బాకువలె, ఈ సూది మొద్దుమొన చర్మమును తాకగనే దాని కాడ పిడిలోనికి పోవును. రోగికి గ్రుచ్చినట్లే తోచును. అయినను గ్రుచ్చు వైద్యునికి నిజము తెలిసియే యుండును. ఇది యీ పరీక్షలలో తరచుగా నిలిచిపోవు లోపము.

జర్మనీలోనే జరిగిన మరియొక పరీక్ష ఫలితములు 2007లో వెలువడినవి. దీర్ఘకాలముగా నడుమునొప్పితో బాధపడు 1162 మందిని మూడు తెగలు చేసిరి. మొదటి తెగకు చీనా శాస్త్రము చెప్పిన స్థానములలో సూదులు గ్రుచ్చిరి. రెండవ తెగకు ఆ స్థానములు కానిచోట్ల పైపైన గ్రుచ్చిరి. మూడవ తెగకు మందులు, వ్యాయామము మున్నగు వాడుక చికిత్స చేసిరి. ఆరునెలలకు మొదటి తెగలో నూటికి 47.6 మందికి, రెండవ దానిలో 44.2 మందికి, మూడవ దానిలో 27.4 మందికి గుణము కనబడినది. సూదులవలన మేలు కలిగినమాట నిజము. స్థానము తప్పినను మేలు ఇంచుమించు అంతే యగుటయు నిజము. 2012లో పెక్కు పరీక్షలను కలిపి, సుమారు 18,000 మంది వివరములను పరిశీలింపగా నిజమైన సూదికి కొంత ఆధిక్యము కానవచ్చినది. కాని ఆ భేదము స్వల్పము.

“బాధ తగ్గినది గదా, కారణ మేదైన నేమి?” అని మీరడుగవచ్చును. 2011లో అమెరికాలో వెలువడిన ఉబ్బసపు పరీక్ష దీనికి సమాధానము. అందు ఒకే రోగులకు వేర్వేరు దినములలో నిజమైన పీల్చుమందు, ఉత్తుత్తి పీల్చుమందు, ఉత్తుత్తి సూది ఇచ్చిరి; కొన్ని దినములు ఏ చికిత్సయు చేయలేదు. ఎంత మేలుగా నున్నదని యడుగగా, రోగులు వరుసగా నూటికి 50, 45, 46, 21 పాళ్లనిరి. కాని మొదటి సెకనులో విడువగల గాలిని యంత్రముతో కొలిచినప్పుడు, నిజమైన మందుతో నూటికి 20 పాళ్లు వృద్ధి కనబడగా, తక్కిన మూడింటితోను సుమారు 7 పాళ్లే. రోగికి హాయిగా నున్నది. ఊపిరితిత్తులు మాత్రము బిగిసియే యున్నవి. ప్రాణాపాయ మిచటనే పొంచియున్నది.

అట్లని నమ్మికను తృణీకరింపరాదు. 2008లో ప్రకటింపబడిన అమెరికా పరీక్షలో పేగుల రుగ్మతగల 262 మందిని చూచిరి. చికిత్సకై వేచియున్నవారిలో నూటికి 28 మందికి, ముక్తసరిగా ఉత్తుత్తి సూది పొందినవారిలో 44 మందికి, అదే సూదితోపాటు వైద్యుని ఆదరము, ఓపికగల సంభాషణ పొందినవారిలో 62 మందికి తగిన ఉపశమనము లభించినది.

ఆదరము ఔషధమునకు తోడు. ఔషధమునకు మారు కాదు. బాధ యెంత తగ్గినదో రోగియే చెప్పవలెను. వ్యాధి యెంత తగ్గినదో పరీక్షించియే తెలిసికొనవలెను. ఈ రెండు ప్రశ్నలను వేర్వేరుగా అడుగువాడే రోగికి నిజమైన హితుడు.