బస్సు రాని కాలనీ

రాజమండ్రి అంచున, హైవే పక్కన ఒక కొత్త కాలనీలో నేనుంటున్నాను. కారున్నవాళ్ళకి అక్కడ ఏ లోటూ లేదు. ఆ కారు పొద్దున్నే మగవారితో వెళ్ళిపోతుంది.

మా ఇంట్లో పనిచేసే ఆమె ఒకరోజు ఆలస్యంగా వస్తే విసుక్కున్నాను. సాయంత్రం ఆమె వెంట నడిచాను. కాలిబాట లేదు, వీధిదీపం లేదు. హైవే దాటడానికి లారీల మధ్య సందు కోసం చాలాసేపు నిలబడ్డాం. నా సౌకర్యం ఆమె కాళ్ళ మీద నడుస్తోందని అప్పుడర్థమైంది.

2025 ఆగస్టు 15న మొదలైన 'స్త్రీ శక్తి' పథకం కింద పల్లెవెలుగు నుంచి ఎక్స్‌ప్రెస్ దాకా ఐదు రకాల ఆర్టీసీ బస్సుల్లో మనకు ప్రయాణం ఉచితం. అది దయ కాదు, హక్కు. కానీ బస్సే రాని చోట ఆమెకు మిగిలినవి రెండే: ఆటో ఖర్చు, లేదా ఆ నడక.

1992 నాటి 74వ రాజ్యాంగ సవరణ మునిసిపాలిటీల్లో కనీసం మూడో వంతు స్థానాలు స్త్రీలకు కేటాయించింది. పట్టణ ప్రణాళిక, రోడ్లు, వీధిదీపాలను వాటికి అప్పగించదగిన పనుల్లో చేర్చింది. కాలనీకి అనుమతి ఇచ్చేముందు బస్సు ఎక్కడ ఆగుతుంది, స్త్రీ ఎక్కడ నడుస్తుంది అని అక్కడ మనం నిలదీయాలి. అంతకంటే ముందు, మన ఇళ్ళకి పనికొచ్చే స్త్రీలతో ఒక్కసారి ఆ దారిన నడిచి చూద్దాం.