తపాలు రాకుండానే ఫైలు కదిలితే
(సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను డాక్టరును కాను. తాలూకాఫీసులో గుమాస్తాగా చేరి, ఫైళ్ల మధ్యనే తల నెరిసినవాణ్ణి. రక్తపు క్యాన్సరు సంగతి నాకెందుకంటారా? అది నా ఒంట్లోనే ఉంది కనుక.

నాలుగేళ్ల క్రితం స్నానం చేయగానే ఒళ్లంతా దురద పుట్టేది. ముఖం ఎర్రబడింది. "రిటైరయ్యాక రంగు తేలావోయ్" అని మిత్రులంటే మురిసిపోయాను. మా ఆవిడ పోరు పడలేక రక్తపరీక్ష చేయించుకుంటే హిమోగ్లోబిన్ 19 అని తేలింది. ఎక్కువుంటే మంచిదేగా అనుకున్నాను. కాదట. రక్తం చిక్కబడి గడ్డకడితే పక్షవాతమో, గుండెపోటో రావచ్చునట. జబ్బు పేరు పాలీసైథీమియా వెరా. నిదానంగా సాగే రక్తపు క్యాన్సరు.

డాక్టరమ్మగారు వివరించింది నా గుమాస్తా బుర్రకు ఇలా ఎక్కింది. కణాలు ఒకదానికొకటి పంపుకునే తపాళ్లే సైటోకైన్లు. ఒంట్లో ఆక్సిజన్ తగ్గితే మూత్రపిండాలు ఎరిత్రోపొయిటిన్ అనే తపాలు పంపుతాయి. ఎముక మజ్జలోని కణం గుమ్మంలో రిసెప్టర్ దాన్ని అందుకుంటుంది. లోపల కూర్చున్న జాక్-2 అనే గుమాస్తా నోటు పెడతాడు. స్టాట్ అనే అటెండరు దాన్ని కేంద్రకంలోని ఆఫీసరుగారికి చేరుస్తాడు. ఎర్రకణాలు పెంచమని ఉత్తర్వు వెలువడుతుంది. తపాలు ఆగితే పనీ ఆగుతుంది.

నాలో చెడింది ఆ గుమాస్తా. జన్యువులో ఒక్క అక్షరం మారి, జాక్-2లో 617వ స్థానాన వాలీన్ బదులు ఫినైల్అలనీన్ చేరింది. ఇక తపాలు లేకుండానే నోట్లు పెడుతున్నాడు! 2005లో శాస్త్రజ్ఞులు ఈ తప్పును పట్టుకున్నారు. ఈ జబ్బున్నవారిలో నూటికి 95 మందికి పైగా కనిపించేది ఇదే. సాధారణంగా ఇది నడివయసులోనో ముసలితనంలోనో బయటపడేదే గాని, పిల్లలకు సంక్రమించేది కాదని విన్నాకే నాకు ఆ రాత్రి నిద్రపట్టింది.

నాకు అప్పుడప్పుడు రక్తం తీసి, హెమటోక్రిట్ 45 శాతం లోపు ఉంచుతున్నారు. చిన్న మోతాదు ఆస్పిరిన్, హైడ్రాక్సీయూరియా వాడుతున్నాను. అది పనిచేయనివారి కోసం జాక్ గుమాస్తాను అదుపు చేసే రుక్సోలిటినిబ్ అనే మందును 2014లో అమెరికాలో ఈ జబ్బుకు అనుమతించారు. అది జబ్బును అణచి ఉంచుతుందే గాని, వేరుతో పెరికివేయదు.

రక్తం తీస్తున్నారు గదా అని మా బావమరిది ఐరన్ టానిక్ తెచ్చిచ్చాడు. డాక్టరమ్మగారు మందలించారు. ఐరన్ పడితే ఎర్రకణాలు మళ్లీ పెరుగుతాయట.

మిత్రులారా, హిమోగ్లోబిన్ ఎక్కువైన ప్రతివారికీ ఈ జబ్బు ఉండదు. పొగతాగినా, ఊపిరితిత్తుల జబ్బున్నా పెరగవచ్చు. అయినా రిపోర్టు చూసి సంతోషించి ఫైలు మూయకండి, డాక్టరుకు చూపండి. ఏటా లైఫ్ సర్టిఫికెట్ ఇచ్చే రోజుల్లోనే ఒక రక్తపరీక్ష కూడా చేయించుకోండి.