కడప కొండల జీవి, లండన్ మ్యూజియం పండితుడు



జార్జ్ రాబర్ట్ వాటర్‌హౌస్ (1810–1888) లండన్ జంతుశాస్త్ర సంఘం మ్యూజియంలో క్యూరేటర్‌గా పనిచేశారు. 1839లో గోల్డెన్ హామ్‌స్టర్‌ను శాస్త్రలోకానికి పరిచయం చేశారు. 1843లో బ్రిటిష్ మ్యూజియం ఖనిజ విభాగంలో చేరినా క్షీరదాల అధ్యయనం మానలేదు.

కడప, నెల్లూరుల నడిమి కొండలలో ఒక చిన్న జీవి ఉన్నది. పైచూపునకు ఉడుతే, మూతిని, పళ్లను పరిశీలించిన పండితునికి మాత్రం కాదు. 1850లో వాటర్‌హౌస్ దానిని కొత్త జాతిగా వర్ణించి, మద్రాసు సివిల్ అధికారి వాల్టర్ ఎల్లియట్ పేరు పెట్టారు. అదే మద్రాస్ ట్రీ ష్రూ. 1996లో నగరం చెన్నై అయినా, జార్జి టౌన్ ఎరిగిన ఆ పాత పేరు ఈ జీవిని వదలలేదు.

మ్యూజియంలో నమూనాకు విలువనిచ్చేది దానికి కట్టిన చీటీ: ఎక్కడ, ఎప్పుడు, ఎవరు సేకరించారన్న వివరం. విద్యార్థులారా! తెలుగు నేల జీవులకు ఇకపై ఆ చీటీని మీరు వ్రాయాలి.